పాలిష్ పట్టిన రూపాయి

"బరువు తగ్గలే తమ్మీ. ముందుగాల గదొక్కటి రాసుకో, మిగతాది తర్వాత మాట్లాడుదం. పాలిష్‌కు ముందు పదకొండు గ్రాముల మీద కొంచెం ఉండె. తర్వాత గూడ పదకొండు గ్రాముల మీద కొంచెమే ఉన్నది. కంసాలి కాంట మీద రెండుసార్లు పెట్టి చూసిన. మరి ఏం పోయినట్టు? నువ్వే చెప్పు, ఏం పోయినట్టు?"

ఇవాళ పొద్దున ఆత్మారాం ఈ మాట అడగడం ఇది మూడోసారి. నిజామాబాద్‌లో ఆయన ఇంటి ముందు రేకుల కింద కూర్చున్నాం. ఆయన మోకాలి మీద తెల్ల రుమాలు, రుమాల్లో ఒక వెండి రూపాయి. ఒకవైపు చార్మినార్, ఇంకోవైపు ఉర్దూ రాత. పాత హైదరాబాద్ సంస్థానం నాటిది. ఇప్పుడే కొన్న స్టీలు గిన్నెలా మెరుస్తోంది. నాలుగు రోజుల కిందటి దాకా అది నల్లగా ఉండేదట. అంచుల దగ్గర కొంచెం నీలం, మధ్యలో పొగచూరిన రంగు. ఆ నలుపు ఇప్పుడు ఎక్కడా లేదు. ఆయనను నిద్రపోనివ్వనిది ఆ నలుపే.

నేను ఈ ఇంటికి మొదట వచ్చింది రూపాయి కోసం కాదు. మార్కెట్ యార్డులో దడ్వాయిలుగా, అంటే రైతు తెచ్చిన సరుకును కాంటా పెట్టే మనుషులుగా, చేసి దిగిపోయిన పెద్దవాళ్ల మాటలు రాసుకుంటూ తిరుగుతున్నాను. ఎవరో ఈయన పేరు చెప్పారు. రెండు రోజుల పని అనుకున్నాను. మూడు వారాలైంది. ఆయన మాట్లాడుతుంటే లేవబుద్ధి కాదు, నేను లేవబోతే ఆయన లేవనివ్వడు.

ముప్పై ఎనిమిదేళ్లు యార్డులో చేశాడు. పసుపు సీజన్ మొదలైతే పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా బస్తాల నడుమే. అంగీ, ధోతి, చెవుల వెనక, గోళ్ల సందుల్లో అంతా పసుపు. సాయంత్రం ఇంటికొస్తే ఆయన భార్య సుమిత్రమ్మ బీడీల చాట ఒళ్లోంచి దించకుండానే, "పెండ్లికొడుకు వచ్చిండు, ఎవరన్న హారతి పట్టుండ్రి" అనేదట. ఏళ్ల తరబడి అదే మాట. ఒక్కరోజు అనకపోతే ఒంట్లో బాగాలేదా అని ఈయనే అడిగేవాడట.

బస్తా మీద చెయ్యి వేసి కిలో తేడా చెప్పగలడు. నేను నమ్మలేదు. లేచి లోపలికి వెళ్లి బియ్యం సంచి తెచ్చి నా ముందు పెట్టి, "పన్నెండుంబావు" అన్నాడు. కోడలు నిఖిత వంటింటి కాంటా తెచ్చి పెట్టింది. పన్నెండు కిలోల రెండు వందలు. "సంచికి బొక్క పెట్టి యాభై గ్రాములు నువ్వే కారగొట్టినవ్ కోడలా" అని నవ్వాడు. ఆమె, "మామా, యాభై గ్రాములు తప్పిపోయినవని ఒప్పుకుంటే నోటికి ఏమన్నయితదా?" అంది.

అటువంటి మనిషి ఒక చిన్న నాణెం దగ్గర బోల్తా పడ్డాడు.

ఆ రూపాయి సుమిత్రమ్మది. బోధన్ పక్క ఊళ్లో చెరుకు కోతలకు పోయే చంద్రవ్వ ఆమె తల్లి. సుమిత్రమ్మ పెళ్లై అత్తగారింటికి వచ్చేటప్పుడు చంద్రవ్వ ఈ చిన్న కూతురి ఒడిబియ్యంలో ఈ రూపాయి పెట్టింది. పెద్ద కూతురు శంకరమ్మకు అంతకు ముందే వెండి కడియాలు పెట్టింది. కడియాలు పెద్దవి, రూపాయి చిన్నది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ శంకరమ్మ నలభై నాలుగేళ్లుగా ఏ శుభకార్యంలో కలిసినా ఒకటే పాట. "గది వెండా పాడా! జాతర్ల అమ్మే బిళ్ల. చిన్నది ఏడుస్తుందని మా అవ్వ గది చేతుల పెట్టి ఊకుండబెట్టింది." నలుగురిలో అంటుంది, నవ్వుతూ అంటుంది. సుమిత్రమ్మ కూడా నవ్వుతుంది. ఇంటికొచ్చాక బీడీలు చుడుతూ ఆ పూట ఎవరితోనూ మాట్లాడదు.

ఈ ఏడాది నిఖిత ఆ రూపాయిని ఫోన్లో రెండువైపులా ఫొటో తీసి, గాంధీ చౌక్ దగ్గర గడియారాలు బాగుచేసే బాపురావుకు పంపింది. బాపురావుకు పాత నాణేలంటే పిచ్చి. ఆయన వెంటనే ఆత్మారాంకు ఫోన్ చేశాడు. ముట్టకుండ్రి, గ్రేడింగ్‌కు పంపుదాం అన్నాడు.

గ్రేడింగ్ అంటే ఏమిటో ఆత్మారాం నాకు తన లెక్కలో చెప్పాడు. "ల్యాబ్‌ల పసుపుకు కుర్కుమిన్ ఎంతున్నదో చూస్తరు గద, గట్లనే. ముంబై నుంచి విదేశం పోతదట. ఆడ పెద్దోళ్లు చూసి అసలుదా నకిలీదా చెప్తరు. అసలుదైతే డెబ్బై మార్కులకు ఎన్నొస్తయో ఏస్తరు. ప్లాస్టిక్ డబ్బీల పెట్టి, సీలు కొట్టి, పైన చీటీ అతికిచ్చి పంపుతరు. మళ్ల ఎవ్వడు డబ్బీ తెర్వద్దు. ఖర్చు ఆరు వేల దాకా."

సుమిత్రమ్మకు మార్కులతో పనిలేదు. అమ్మే ఆలోచన అసలే లేదు. "అసలుదని చీటీ వస్తదా?" అని ఒక్కటే అడిగింది. వస్తదన్నారు. "అయితే పంపుండ్రి. గా డబ్బీ పట్టుకపోయి మా అక్క ముంగట పెడ్త" అంది. ఆరు వేలు తన బీడీల పైసలే తీసిచ్చింది. ఆ మర్నాడే శంకరమ్మకు కంటి ఆపరేషన్ అయిందని తెలిసి, చాట, ఆకు, తంబాకు సర్దుకొని మాక్లూర్ పోయింది. అక్క కంట్లో చుక్కలు వేస్తూ ఇప్పుడు అక్కడే ఉంది.

రూపాయి ఆత్మారాం చేతిలో మిగిలింది.

"ఇగ నువ్వు నన్ను తిడ్తవ్" అన్నాడు, రుమాలు మడతలు సవరిస్తూ.

"ఎందుకు తిడతాను పెద్దయ్యా?"

"తిట్టకపోతే ఇంకా కష్టం. ఇను. రైతు కాడి తెస్తడు, గదే పసుపు కొమ్ములు, పాలిష్ పట్టకుండ. మట్టి, తోలు, నల్లటి యేర్లు. దాన్ని ఎవడు చూడడు. చేతుల పట్టుకొని పడేసి పోతడు. గదే కాడిని డ్రమ్ముల ఏసి తిప్పుకొని తెస్తే, ఒకదానికొకటి రాసుకొని తోలు పోయి బంగారం లెక్క మెరుస్తది. సరుకు గదే తమ్మీ! కానీ క్వింటాలుకు రేటు మారిపోతది. ఎంతమంది గరీబు రైతులను వాపస్ పంపిన్నో తెల్సా? పోయి పాలిష్ పట్టుకొని రా, ఆగం కాకు అని. నా మాటిన్నోళ్లు బాగుపడ్డరు."

"అంటే రూపాయిని…"

"డెబ్బైకి మార్కులు ఏస్తరన్నరు గద! గంత నల్లగ, మబ్బు మబ్బుగ పంపితే ఎవడు ఏస్తడు మార్కులు? సరుకు యార్డుకు పోయేముందు తయారు చెయ్యొద్దా?"

తయారు చేశాడు. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో రెండు పిడికిళ్ల ఎండు పసుపు కాడి వేసి, నడుమ రూపాయి పెట్టి, మూత బిగించి, టీవీ ముందు కూర్చొని రెండు పాదాల నడుమ డబ్బాను దొర్లించాడు. నిఖిత ఆ చప్పుడు విని వంటింట్లోంచి కేకేసిందట, "మామా, ఏందా లొల్లి?" "ఏం లేదు, వార్తలు సూస్తున్న" అన్నాడు. తర్వాత చింతపండు, బూడిద పెట్టి తోమి, ధోతి అంచుతో తుడిచాడు. తెల్లారి ఎండలో పెట్టి చూసుకుంటే చార్మినార్ మీద కళ్లు నిలవలేదట.

"గంత సంతోషం ఎన్నడు కాలే" అన్నాడు, నాతో కాకుండా రూపాయితో అన్నట్టు.

ఆ రోజు నేనూ ఆయన వెంట ఉన్నాను. ఇద్దరం బాపురావు దుకాణానికి వెళ్లాం. అద్దాల బల్ల నిండా విప్పిన గడియారాలు. బాపురావు రుమాలు విప్పి చూసి, ముందు మా మొహాలు చూశాడు. తర్వాత భూతద్దం కంటికి బిగించుకొని నాణేన్ని లైటు కింద పెట్టాడు. చాలాసేపు తిప్పి చూశాడు.

"అన్నా, గీ అక్షరాల సందుల పచ్చగ ఉన్నదేంది?"

"పసుపు" అన్నాడు ఆత్మారాం గర్వంగా.

"పూజ చేసిండ్రా?"

"పూజ గాదు. పాలిష్."

బాపురావు భూతద్దం తీయలేదు. "దేంతోని?"

"కాడితోని. మన ఆర్మూర్ దిక్కు కాడి, మంచి గట్టిది."

"ఎంతసేపు?"

"వార్తలు అయ్యేదాక." కాసేపాగి, "తర్వాత ఇంకోసారి వార్తలు వచ్చినయి" అన్నాడు.

పక్క స్టూలు మీద గడియారం బెల్టు కోసం వచ్చిన మనిషి పకపకా నవ్వాడు. బాపురావు నవ్వలేదు. భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను ఫోన్ల ఏమన్న అన్నా? ముట్టకుండ్రి అన్న."

"ముట్టకుండ్రి అంటే… పారేసుకోకుండ్రి, జాగర్తగ పెట్టుండ్రి అన్నట్టు అనుకున్న."

"వెండికి చర్మం ఉంటది అన్నా. ఏండ్లకేండ్లు పడితే గని రాదు. గది ఉంటేనే ఎవ్వరు చెయ్యి పెట్టలేదని తెలుస్తది. నువ్వు గది ఒల్చినవ్. సూడు, గీతలు. గుండ్రంగ."

ఆత్మారాం వంగి చూశాడు. భూతద్దం పట్టుకోవడం రాక కంటికి దూరంగా పెట్టుకున్నాడు. "మాకు తోలు తీస్తేనే లోపటి రంగు కనవడేది" అన్నాడు నెమ్మదిగా.

అప్పుడు బాపురావు విడమరచి చెప్పాడు. నాకు గుర్తున్నంత వరకు ఇది: ఇప్పుడు పంపితే మార్కుల నంబరు వేయరు. అమ్మే ఉద్దేశంతోనైతే పంపడం దండగ, పెట్టిన ఆరు వేలు కూడా తిరిగి రావు. కానీ నాణెం తన కంటికి అసలుదే, వాళ్లూ అసలుదనే రాస్తారు. ఆ మాట కింద 'కడిగినది' అని కూడా రాస్తారు. రెండూ ఒకే చీటీ మీద, సీలు వేసిన డబ్బీలో.

"రెండు మాటలు రాయకుంటే నడ్వదా? అసలుదని ఒక్కటే రాయుమంటే?"

"రాయమన్నట్టు రాస్తే గా చీటీకి ఇలువేముంటది అన్నా?"

ఆత్మారాం తల ఊపాడు. తూకం చీటీ రాసిన మనిషి. అది ఆయనకు వెంటనే అర్థమైంది, అర్థం కావడమే ఆయనకు కష్టమైంది.

"నువ్వే ఒక కాగితం రాసియ్యి బాపురావ్, అసలుదని."

"రాసిస్త. మీ వదిన నమ్ముతదా?"

ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. గడియారాలు బాగుచేసేటోడు చెప్తే అయిపాయెనా అంటుంది శంకరమ్మ.

లేచేటప్పుడు బాపురావు ఇంకో మాట అన్నాడు. "ఒకటి అడుగుత. ఎనుకట గూడ గీ రూపాయిని పండుగలకు చింతపండు పెట్టి కడిగిండ్రా? చానా ఇండ్లల్ల కడుగుతరు. నలభై ఏండ్లు ఊకె పెడితే మళ్ల నల్లగైతది, ఉత్త కంటికి తెల్వది. కానీ ఆడ పట్టేస్తరు. ఎప్పుడో కడిగిన దానికి గూడ గదే మాట రాస్తరు. నీ గీతల కింద పాతయి ఉన్నయో లేవో నేనైతే ఇప్పుడు చెప్పలేను. సోమవారం పార్సిల్ పోతది. మళ్ల పంపేది నాలుగు నెలలకే. పంపాల్నా వద్దా చెప్పు."

అది మంగళవారం నాటి మాట. ఇవాళ శుక్రవారం. ఈ మూడు రోజులు ఆత్మారాం ఏం ఆలోచించాడో రాయడానికి నా దగ్గర వరస లేదు, ఎందుకంటే ఆయన దగ్గరే లేదు. బుధవారం పొద్దున, పంపుదాం అన్నాడు. సుమిత్రకు కావల్సింది అసలుదన్న మాట, అది వస్తుంది కదా. మధ్యాహ్నానికి, వద్దు అన్నాడు. డబ్బీ చేతికొచ్చిన రోజు ఆమె చీటీ చదివిస్తుంది, రెండో మాట ఏంటని అడుగుతుంది. అక్క ముందు పెడితే అక్క కూడా అడుగుతుంది. నలభై నాలుగేళ్లు అసలుదా కాదా అని నవ్వినామె, ఇప్పుడు దీని మొగుడు పసుపు డబ్బాలో వేసి తిప్పిండట అని నవ్వుతుంది. గురువారం మళ్లీ పంపుదాం అన్నాడు. సాయంత్రం నన్ను అడిగాడు, మళ్లీ నల్లగా చేసే మందు ఏమన్నా ఉంటుందా అని. నేను ఫోన్లో వెతికి, ఉంటుందట గానీ అది కూడా పట్టేస్తారట అని చదివి వినిపించాను. "అన్నీ పట్టేస్తరా?" అన్నాడు. చదివినకొద్దీ నాకూ తికమకే పెరిగింది. ఒకచోట రాసింది ఇంకోచోట రాసినదానికి పొసగలేదు.

నిఖితది మాత్రం ఒకటే మాట. "అత్తమ్మ పైసలు, అత్తమ్మ రూపాయి. ఆమెకు ఫోన్ చెయ్యి మామా. నేను కలిపిస్త."

"ఫోన్ల నా గొంతు పట్టేస్తది" అన్నాడాయన.

"అన్ని పట్టేసేటోళ్లే దొరికిండ్రు నీకు" అని ఆమె లోపలికి పోయింది.

ఆమె పోయాక నేను అడిగాను. "పెద్దయ్యా, చెబితే సుమిత్రమ్మ ఏమంటుంది? తిడుతుందా?"

"తిడితే నయ్యం గదా!" రూపాయిని రుమాల్లో కప్పేశాడు. "ఏమనది. బీడీల చాట ముంగట పెట్టుకొని కూసుంటది. వాళ్ల అక్క దగ్గర్నుంచి వచ్చినప్పుడు కూసుంటది సూడు, గట్ల. ఇన్నేండ్లల్ల వాళ్లక్క మాటకు కూసున్నది గని నా మాటకు ఎన్నడు గట్ల కూసోలే."

వీధిలో ఆటోల వైపు తిరిగాడు. పసుపు మరక ఎప్పటికీ పోని ఆ వేళ్లు రుమాలు మీద ఆడుతూనే ఉన్నాయి.

"యార్డుల నాకు ఒక పద్ధతి ఉండె తమ్మీ. రైతు పక్కన లేకుంటే ఆయన బస్తా మీద చెయ్యి ఏసెటోన్ని గాదు. చాయ్ తాగొస్త, నువ్వు కాంట పెట్టు అని రైతే అన్న గూడ పెట్టకపోయెటోన్ని. పొయ్యి తాగి రా, అట్లనే నిలవడ్త అని నిలవడెటోన్ని. సరుకు నీది, నీ కండ్ల ముంగట పెడ్త అనెటోన్ని. కమీషన్ అడ్తి సేట్లు నవ్వెటోళ్లు, గీనిది రోజూ లేటే అని." రుమాలు మడత సవరించాడు. "మరి గియ్యాల నేను ఏం చేసిన? ఆమె ఊర్ల లేదు. సరుకు ఆమెది."

నేను రాసుకోవడం ఆపేశాను.

చివరికి ఆయనే లేచి నిలబడ్డాడు. నిర్ణయానికి వచ్చినవాడిలా నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "నీ బండిల పెట్రోల్ ఉన్నదా?"

"ఉంది."

"మాక్లూర్ ఎంత దూరం, అర్ధగంట తొవ్వ. పోయి సుమిత్రను ఒక్క ముచ్చట అడగాలె. మీ అవ్వ చంద్రవ్వ గా రూపాయిని పండుగలకు కడుగుతుండెనా అని."

"కడిగేది అంటే?"

మొహం వెలిగింది. "కడుగుతుండె అంటే చీటీ మీద ఆ మాట ఎట్లయినా వచ్చేదే గద! గది మా అత్త ఖాతాల పోతది." తనే ఆ మాట విని తనే నొచ్చుకున్నాడు. "పోదా? పోదులే. చచ్చిపోయిన ముసలిదాని మీద ఏసుడేంది. థూ. గట్ల గాదు. అయినా అడుగు."

"కడగలేదు అంటే ఏం చెప్పాలి పెద్దయ్యా?"

గడప దాకా పోయాడు, తిరిగొచ్చాడు. రుమాలు నా చేతికివ్వబోయి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ ఇవ్వబోయాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నేను బండి స్టార్ట్ చేశాను. పక్కకొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"కడిగిందన్నా, కడగలేదన్నా ఒకటే చెప్పు. ఆదివారం పొద్దటి బస్సుకు రమ్మన్నడని చెప్పు. సోమవారం పార్సిల్ పోతది, పంపాల్నా వద్దా నువ్వే చెప్పాలెనంట అని చెప్పు. పాలిష్ ముచ్చట నువ్వు చెప్పకు, గది నేను చెప్త. ఆమె మొఖం ఎట్లున్నదో సూసి రా." ఇంకేదో గుర్తొచ్చి హ్యాండిల్ మరింత గట్టిగా పట్టుకున్నాడు. "ఇగో తమ్మీ, శంకరమ్మ ముంగట మాత్రం అడగకు. కంటికి పట్టీ ఉన్నది గని చెవులకు లేదు. సుమిత్రను గేటు బయటికి పిలిచి అడుగు."